కండ అబద్ధమాడదు

"రేపు సాయంత్రం నాలుగింటికి మన ఏజెంట్లందరి పేర్లూ వైర్‌లెస్‌లో సరిహద్దు దాటుతాయి," అన్నాడు చీఫ్. "పంపేది సుగర్ క్లినిక్ నడుపుతున్న విదేశీ డాక్టరు. మన పరుగుల వీరుడు వస్తున్నాడని వాళ్ళకి ఉప్పందింది. వేషం గట్టిగా వెయ్యి."

ఏజెంట్ తొమ్మిది రోజూ పదిహేను మైళ్ళు పరుగెత్తే మనిషి. నడుముకి రబ్బరు బొజ్జ కట్టుకుని, సుగరున్న గుమాస్తాగా క్లినిక్‌లో చేరాడు. జేబులో ఇన్సులిన్ పెన్ను. అందులో ఉన్నది మత్తుమందు.

మర్నాడు పొద్దున ఎర్రటి పెదవుల నర్సు గ్లాసుతో వచ్చింది. డాక్టరు ముఠా జీతం తింటూ మనకి పనిచేసే మనిషి.

"తీపి మానేశారా, బాబాయ్?"

"నేను మానినా అది నన్ను మానలేదమ్మా."

కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. "పరీక్షకి ముందు ఈ గ్లూకోజ్ నీళ్ళు మొత్తం తాగాలి. మర్చిపోకండి."

ఆమె వెళ్ళగానే అతను గ్లాసును పూలకుండీలో వంపేశాడు. వారానికోసారి స్వామి పేర చేసే ఉపవాసం ఆరోజే. పద్నాలుగేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

మూడున్నరకి అతన్ని గాజుగదిలో సైకిలెక్కించి, ముక్కూ నోరూ మూసేలా మాస్కు బిగించారు. తలుపు బయట గడియ పడింది. గాజుకి అవతల డాక్టరు, అతని పక్కన నర్సు, బల్లమీద వైర్‌లెస్.

"నిన్న మీ తొడ కండ ముక్క తీసి చూశాను," స్పీకరులో అన్నాడు డాక్టరు. "నిండా కొవ్వు. సుగర్ రోగులకి అలాగే ఉంటుంది. దూరం పరుగెత్తేవాళ్ళకీ అలాగే ఉంటుంది. వాళ్ళు దాన్ని కాల్చుకుంటారు, మీలాంటివాళ్ళు దాచుకుంటారు. తొక్కండి."

అతను తొక్కాడు. ఆయాసం నటించాడు, మోకాలు పట్టుకున్నాడు, మూలిగాడు.

"మూలుగు నాకక్కర్లేదు. ఊపిరి చాలు. తెరమీద అంకె వందకి దగ్గరైతే కాలేది చక్కెర. డెబ్బైకి దగ్గరైతే కొవ్వు. ఇంత మెల్లగా తొక్కితే రోగికి ఎనభై అయిదు దాటాలి."

తెరమీద డెబ్బై నాలుగు.

నర్సు పొద్దుటి ఖాళీ గ్లాసు ఎత్తి, తాగలేదా అన్నట్టు అతనికేసి చూసింది. అతనికప్పుడు అర్థమైంది. తిండిలేని ఒళ్ళు ఉన్న కొవ్వునే కాలుస్తుంది. పరుగు పట్టించింది సగం, పస్తు పట్టించింది సగం. స్వామీ, పస్తుండమని నువ్వడిగావా, నేనే అనుకున్నానా?

"మూడు నిమిషాలు చూస్తాను," అన్నాడు డాక్టరు. "అంకె పెరగకపోతే ఆ గదిలో గాలి తోడేస్తాను."

గాలి. అవసరానికి మించి ఊపిరి వదిలితే మిషను కాసేపు మోసపోతుందని ట్రైనింగులో ఎవరో చెప్పారు. కాసేపే. తర్వాత కళ్ళు తిరుగుతాయి.

భయపడ్డ గుమాస్తాలా రొప్పడం మొదలెట్టాడు. భయం నటించాల్సిన పని లేకపోయింది. డెబ్బై తొమ్మిది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఎనభై నాలుగు. గాజుగోడ అలలా ఊగింది. తొంభై ఒకటి.

"ఉట్టి పిరికిగొడ్డు," విసుక్కున్నాడు డాక్టరు. "దింపెయ్. నాకు టైమైంది."

నర్సు గడియ తీసి మాస్కు విప్పింది. డాక్టరు వైర్‌లెస్ వైపు తిరిగాడు. ఏజెంట్ తొమ్మిది తూలుకుంటూ వచ్చి అతని వీపుమీద పడ్డాడు. నిజంగానే పడ్డాడు, కాకపోతే చేతిలో ఇన్సులిన్ పెన్ను ఉంది. గోడ గడియారం నాలుగు కొట్టేసరికి డాక్టరు వేలు స్విచ్చికి అంగుళం దూరంలో ఆగిపోయింది.

అతను ఉపవాసం సంగతి చెప్పాడు. నర్సు మరో గ్లాసు కలిపి తెచ్చింది. "ఉపవాసాలు డ్యూటీ లేని రోజున పెట్టుకోమని మీ దేవుడికి చెప్పండి, బాబాయ్."

"ఆయన ఏనాడూ అడగలేదమ్మా," అన్నాడతను. "ఈ పట్టుదల నాదే."

రబ్బరు బొజ్జ విప్పి పక్కన పెట్టి, అసలు పొట్టలోకి గ్లాసు ఖాళీ చేశాడు.