గిన్నె అంచున తెల్లచార

"ఎవరో నా పని పాడుచేస్తున్నారండీ," అంది పరిశోధకురాలు, డిటెక్టివ్ ఎదుట కుర్చీలో కూర్చోకుండానే.

హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ మధ్యలో ఉండే పల్చటి పాలిమర్ పొరలో సిలికా పొడి కలిపి, ప్రోటాన్లు దాన్ని ఇంకా చురుగ్గా దాటేలా చేయడం ఆమె పని. కొలత బాగా వచ్చిన ప్రతి పొరా తెల్లారేసరికి పనిచేయడం మానేస్తోంది. ఇంకొక్కసారి అదే కొలత వస్తే ఆమె చదువు పూర్తవుతుంది, వేరే ఊళ్లో ఉద్యోగం మొదలవుతుంది.

డిటెక్టివ్ వెంట సహాయకుడు ల్యాబ్‌కు వెళ్లాడు. పొడవాటి గది, పదిమందికి సరిపోయే బల్లలు, మనుషులు మాత్రం ముగ్గురే. పొరలను రాత్రంతా నానబెట్టే గాజుగిన్నె ఎండిన అంచున సన్నటి తెల్లచార కనిపించింది.

"తాళాలు ఎవరి దగ్గరున్నాయి?"

"మా ముగ్గురి దగ్గరా," అన్నాడు తోటి పరిశోధకుడు. "ఆవిడంటే నాకు కుళ్లే, దాచను. కానీ నా ఫ్యూయల్ సెల్‌లో వేసేది ఆవిడ పొరే. అది చెడితే నా నోట్లోనూ మట్టే."

తల నెరిసిన ప్రొఫెసర్ ఆమెను ఓదార్చాడు. "బెంగపడకమ్మా. ఎవరో నీళ్లు మార్చేస్తే నీ తప్పేముంది?"

మర్నాడు డిటెక్టివ్ ముగ్గురినీ అక్కడే కూర్చోబెట్టాడు.

"పొరలు నానాల్సింది డిస్టిల్డ్ వాటర్‌లో. అది ఎండితే మరక పడదు. ఆ చార కుళాయి నీళ్లది. అందులోని లవణాలు పొరలో ప్రోటాన్ల చోటు ఆక్రమిస్తాయి. పొర చూపుకు బాగానే ఉంటుంది, పని మాత్రం చేయదు. నీళ్ల మాట నిన్న నేనెత్తలేదు, ఆమె ఎత్తలేదు. మీరెత్తారు, ప్రొఫెసర్ గారూ. అనుభవంతో ఊహించానంటారా? అయితే మొదటి పొర చెడినప్పుడే ఆమెకెందుకు చెప్పలేదు?"

ప్రొఫెసర్ పరిశోధకురాలి వైపు తిరిగాడు.

"ఈ అబ్బాయి రోజంతా చెవుల్లో పాటలు పెట్టుకుంటాడు. ఇంట్లో గోడలు తప్ప ఎవరూ లేరు. పొద్దున్నే వచ్చి 'సార్, ఇది చూడండి' అనేది నువ్వొక్కదానివే. పొరల్ని చించేద్దామనుకున్నానమ్మా, చేతులు రాలేదు. యాసిడ్‌లో నానబెట్టి కడుగు, మళ్లీ పనిచేస్తాయి."

సహాయకుడు తలెత్తలేకపోయాడు. దొంగ దొరికిన సంతోషం అతనికి ఏ కోశానా కలగలేదు.

పరిశోధకురాలు కళ్లు తుడుచుకుని గ్లవ్స్ తొడుక్కుంది.

"ఉండమని అడిగినా ఉండేదాన్ని కాదు సార్," అంది. "కానీ రోజూ ఫోన్ చేసేదాన్ని."

ఆమె యాసిడ్ సీసా అందుకుంది. ప్రొఫెసర్ లేచి, చప్పుడు కాకుండా, తన తాళంచెవి బల్లమీద పెట్టాడు.