ఇటుకల మీద వైకుంఠపాళి

ఎనభై ఎనిమిదిలో నాచారం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు ఉండేది. పక్క సందులో బిస్కెట్లు కాలుస్తుంటే వచ్చే తీపి వాసన, మా షెడ్డులో టంకం పొగ, రెండూ కలిసి మధ్యాహ్నానికల్లా తల పట్టేసేది. యజమాని అచ్యుతరావుగారు. ఇంజనీరూ మెకానిక్కూ అన్నీ మా ఆయన బుచ్చిబాబే. నేను, హైమావతిని, బల్బులకు వైర్లు అతికేదాన్ని. మేం చేసేది పిన్‌బాల్ బల్లలు. నడుమెత్తున కాళ్ల మీద ఒక పొడుగాటి పెట్టె, పైన అద్దం, లోపల వాలుగా పలక. స్ప్రింగు లాగి వదిలితే ఉక్కు గోలీ పైకి పోయి, అక్కడా ఇక్కడా కొట్టుకుంటూ కిందికి దొర్లుతుంది. కింద కరెంటుతో లేచే రెండు రెక్కలుంటాయి. మీటలు నొక్కి వాటితో గోలీని మళ్లీ పైకి కొట్టాలి. రెక్కల మధ్య సందులో పడిందా, ఆట అయిపోయినట్టే.

ఆ బల్లల మీద బొమ్మలన్నీ తుపాకులూ, రాకెట్లూ, చాలీచాలని బట్టల ఆడవాళ్లూ. సిగరెట్లు కాల్చే కుర్రాళ్లు తప్ప ఇంకెవరూ వాటి దగ్గరికి వచ్చేవాళ్లు కాదు. ఒకరోజు అచ్యుతరావుగారు మిర్చిబజ్జీలు తెప్పించి మమ్మల్నందర్నీ కూర్చోబెట్టారు.

"ఆడవాళ్లు రావాలి, పిల్లలు రావాలి, ముసలమ్మలు కూడా రావాలి. కొత్త బల్ల మీద ఏం బొమ్మ వేద్దామో చెప్పండి," అన్నారు.

మా ఆయన రైలు అన్నారు. అచ్యుతరావుగారికి క్రికెట్ మీద మనసు. బొమ్మలు వేసే గండయ్య, నాచారం ఊరివాడే, "పెండ్లి బరాత్ ఏద్దాం సార్, మస్తుగుంటది," అన్నాడు.

"ఏడ్చినట్టే ఉంది," అన్నాను. నా నోరు ఊరుకోదు కదా. "ఆడవాళ్లకు తెలిసిన ఆట పెట్టండి. వైకుంఠపాళి వెయ్యండి. పాములూ నిచ్చెనలూ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు."

అచ్యుతరావుగారు తొడ చరిచారు. ఆ రోజు నాకు బజ్జీ గొంతుకు అడ్డం పడి మాట రాకపోయినా బాగుండేది.

గండయ్య పది రోజుల్లో బొమ్మ వేశాడు. అబ్బ, ఏం పనితనమండీ వాడిది! గళ్లు, రేకుతో చేసి నిలబెట్టిన నిచ్చెనలు, పైన వైకుంఠం. పెద్దపాము మాత్రం తలకిందులు. తోక పైన, నోరు కింద, సరిగ్గా రెక్కల మధ్య సందు చుట్టూ. "తల కిందికి పెట్టావేంట్రా?" అంటే, "మింగాలంటే నోరు గాడనే ఉండాలె గదక్కా," అని నవ్వాడు.

గళ్ల కింద బల్బులొస్తాయి. బల్బుల మీద రంగు మూతలు కావాలి. అవి ఊళ్లో ఎక్కడా దొరకలేదు. మళ్లీ నేనే నోరు తెరిచాను. మా ఇళ్లలో వైకుంఠపాళి ఆడితే గాజు ముక్కలే కాయలు. ఎవరి చేతి గాజు వాళ్ల కాయ. అవే అతికించమన్నాను. ఉప్పల్లో మా సందులో ఇల్లిల్లూ తిరిగి చిట్లిన గాజులు పోగేశాను. తారామణివి పసుపు, రత్నకుమారివి నీలం, నావి ఆకుపచ్చ. ఒక్కొక్కరిదీ ఒక్కో గడిలో పెట్టాం. పాము కళ్లకు మాత్రం ఎర్రవి దొరకలేదు. మర్నాడు గండయ్యే ఎక్కణ్ణుంచో రెండు ముక్కలు తెచ్చి అతికించాడు. పాతబడి నల్లబారిన ఎరుపు. ఎక్కడివని నేను అడగలేదు.

ఆట నియమం మా ఆయన పెట్టారు. గోలీ ఏ గడిని తాకితే ఆ గడిలో గాజు ముక్క వెలుగుతుంది. గోలీని పాము మింగితే, చివరగా వెలిగిన ముక్క ఆరిపోతుంది.

బల్బులు ఎలా కనపడుతున్నాయో చూడ్డానికి షెడ్డు వెనక ఒక చీకటి గది ఉండేది. కిటికీకి తారు కాగితం కొట్టేశారు. పట్టపగలు కూడా చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. లోపల తారు కంపు, వేడెక్కిన వైర్ల కంపు. మొదటి ఆట అచ్యుతరావుగారు ఆడారు. టంగ్... టక్ టక్... టంగ్. పసుపు ముక్క వెలిగింది. గోలీ దొర్లి దొర్లి పాము నోట్లో పడింది. పసుపు ముక్క ఆరిపోయింది. ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం మేం ఇంటికి వెళ్లేసరికి సందు నిండా జనం. తారామణి భర్త పాండురంగ, రైల్వేలో గార్డు, కాఫీ తాగుతూ తాగుతూ కుర్చీలోంచి ఒరిగిపోయాడట. నలభై కూడా లేవు ఆ మనిషికి. తారామణిని పట్టుకుని నేనూ ఏడ్చాను. బల్ల సంగతి నా బుర్రలోకే రాలేదు. ఎందుకొస్తుంది?

పన్నెండో రోజు భోజనాలయ్యాక మళ్లీ పనిలోకి వెళ్లాం. ఈసారి గండయ్య ఆడాడు. నీలం వెలిగింది. నీలం ఆరింది. దీపాలు పెట్టే వేళకు కబురొచ్చింది. రత్నకుమారి భర్త భూషణం ఉప్పల్ చౌరస్తాలో లారీ కింద పడ్డాడు.

అప్పుడు తట్టింది నాకు. మా ఆయనకు చెప్పాను. "చదువుకున్నదానివి, ఏంటా మాటలు?" అని కసిరారు. పోనీ నా ముక్క ఒక్కటైనా పీకెయ్యండని కాళ్లావేళ్లా పడ్డాను. "సరే తల్లీ, రేపు పీకేస్తాలే," అన్నారు.

మర్నాడు ఆయన పొద్దున్నే వెళ్లిపోయారు. నేను రత్నకుమారి దగ్గర కూర్చుని, మూడింటికి షెడ్డు చేరాను. గేటు దగ్గర ఒక ముసలమ్మ నేలమీద చతికిలబడి ఉంది. పక్కన గండయ్య తలవంచుకుని నిలబడ్డాడు.

"నేను ఈరమ్మను, ఈని తల్లిని," అంది ముసలమ్మ. "నా మూట ఏది బిడ్డా?"

"ఏం మూట?"

"ఎర్ర గాజుల మూట. నా పెనిమిటి పోయిన పదోనాడు పలగ్గొట్టిన గాజులు. పారే నీళ్లల్ల ఇడ్వాలె. నా పానం ఒప్పలే... పదకొండేండ్ల సంది పెట్టెల దాసుకున్న. ఈడు నాకు సెప్పకుంట తీస్కచ్చిండు."

"ఎర్రగ మంచిగున్నయని తెచ్చిన," అన్నాడు గండయ్య. "నాకేం తెల్సు అక్కా..."

పాము కళ్లు. మొగుడు పోయిననాటి గాజుల్ని పాముకు కళ్లుగా పెట్టి, వాటి ముందు మా ముత్తైదువుల గాజులు పరిచాం. పరిచింది నేనే. ఇల్లిల్లూ తిరిగి తెచ్చి మరీ పరిచాను.

"మా ఆయనేరీ?" అన్నాను.

"లోపట ఉన్నడక్కా. నీ ముక్క పీకే ముంగట ఒక్కపారి ఆడి సూస్త అన్నడు."

టంగ్... మూసిన తలుపు వెనక గోలీ చప్పుడు.

పరిగెత్తాను. తలుపు తోసేసరికి బల్ల మీదికి వంగి ఉన్నారు. ఆయన గడ్డం కింద ఆకుపచ్చ వెలుగు.

"చూడు హైమా, నీ ముక్కే వెలిగింది," అన్నారు నవ్వుతూ.

"పడనివ్వకండి! మీకు దణ్ణం పెడతా, గోలీని పడనివ్వకండి!"

నా గొంతు విని ఆయన నవ్వు ఆగిపోయింది. మీటలు నొక్కారు. టక్. గోలీ పైకి పోయింది. మళ్లీ వచ్చింది. టక్. మళ్లీ పోయింది.

కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి. బయట ఫ్యాక్టరీల రొద ఒక్కసారిగా అణిగిపోయింది. బల్బులన్నీ ఆరిపోయాయి... ఒక్కటి తప్ప. నా ఆకుపచ్చ ముక్క వెలుగుతూనే ఉంది. కింద రెండు ఎర్ర ముక్కలు. వాటి కింద నేను బల్బులే పెట్టలేదు.

సర్ర్... గోలీ దొర్లుతోంది. మెల్లగా.

"రెక్కలు లేవట్లేదు," అన్నారు ఆయన, గుసగుసగా.

నేను ఆలోచించలేదు. వంగి, పెట్టె ముందు అంచు కింద రెండు చేతులూ పెట్టి ఎత్తాను. లేవలేదు. నడుము విరిగినంత పనైంది. "గండయ్యా!" అని కేక పెట్టాను. వాడొచ్చి భుజం పెట్టాడు. మా ఆయనా పట్టారు. ముందుకాళ్లు నేల వదిలాయి. గోలీ పాము నోటికి వేలెడు దూరంలో ఆగింది. ఆగే ఉంది... కళ్లున్నట్టు అటూ ఇటూ ఊగింది... తర్వాత వెనక్కి దొర్లి, పైనున్న నిచ్చెన వెనక టక్కున ఆగిపోయింది.

ముగ్గురం పెట్టెను పట్టుకుని అలాగే నిలబడ్డాం. నా చెమట అద్దం మీద పడుతోంది.

"అద్దం తీసి గోలీ బయటికి లాగేస్తా," అన్నారు ఆయన.

"తియ్యకు," అంది ఈరమ్మ గుమ్మం దగ్గర్నుంచి. "ఆట నడుస్తుండగ బల్ల మీదికెల్లి తీసిన కాయ సచ్చిన కాయనే. గీ ఆట తెల్వదా నీకు?"

"నా ముక్క పీకేస్తే?" అన్నాను.

"అదీ గంతే బిడ్డా. నీ కాయ గదే గదా."

"మరి దించేదెట్లా?"

"దించొద్దు," అంది.

దించలేదు. ముసలమ్మే వంగి వంగి ఇటుకలు మోసుకొచ్చింది. ఒక్కో ముందుకాలి కింద నాలుగు. ఆ తర్వాత గండయ్య అద్దం జరిపి కత్తి మొనతో పాము కళ్లు పీకబోయాడు. కత్తి మొన విరిగింది, కళ్లు ఊడలేదు.

అచ్యుతరావుగారు మళ్లీ రాకెట్లకే పోయారు. ఆ బల్ల నా కంటికి కనపడనివ్వకండి అన్నారు. తోపుడుబండి మీద, ముందు వైపు ఎత్తిపట్టుకుని, నాచారం నుంచి ఉప్పల్ దాకా అడుగులో అడుగు వేసి తెచ్చుకున్నాం. దారి పొడుగునా జనం నవ్వారు. నవ్వితే నవ్వారు. మా ముందు గదిలో మళ్లీ నాలుగేసి ఇటుకల మీద నిలబెట్టాం. వైరు నేనే తెంపేశాను.

ఎనిమిదేళ్లయింది. ఈరమ్మ పోయింది. తారామణి, రత్నకుమారి సందు వదిలి వెళ్లిపోయారు. వాళ్లకు నేను నిజం చెప్పలేదు, ఆ పాపం నాదే. రోజూ లేవగానే ముందు ఆ గదిలోకి వెళ్తాను. ఇటుకలు లెక్కపెడతాను. గోలీ నిచ్చెన వెనక ఉందా లేదా చూస్తాను. నా ఆకుపచ్చ ముక్క కరెంటు లేకుండానే వెలుగుతూ ఉంటుంది. అది చూశాక, మంచం దగ్గరికి వచ్చి ఈయన గురక విని, అప్పుడు కాఫీ పెడతాను. చేతికి ఆరేసి గాజులు, ఆ రోజు ఉన్నవే. మార్చడానికి భయం. చేతులు లావెక్కి అవి ఎంత బిగిసిపోయాయంటే, సబ్బు రాసి లాగినా రావు.

ఇవాళ తెల్లారి లేచి జడ ముడేసుకోబోతే చప్పుడు రాలేదు. చేతులు చూసుకున్నాను. రెండూ బోడిగా ఉన్నాయి.

పక్క మీద ఒక్క గాజు పెంకు లేదు. మణికట్టు మీద గీత లేదు. ఈయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఆయన వైపు చూడకుండా ముందు గదిలోకి పరిగెత్తాను. వీధి తలుపు గడియ వేసినట్టే ఉంది. ఇటుకలు నాలుగూ నాలుగూ ఉన్నాయి. గోలీ నిచ్చెన వెనకే ఉంది. అద్దం మీద దుమ్ము చెక్కు చెదరలేదు. నా ముక్క వెలుగుతోంది.

అద్దం కింద, పాము నోట్లో, నా పన్నెండు గాజులూ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఒక్కటీ చిట్లలేదు.

స్టవ్ ఇంకా వెలిగించలేదు. ఎండ గుమ్మంలోకి వచ్చింది. రోజూ ఈపాటికి ఈయన రెండుసార్లు కాఫీ అని కేకేసేవారు. నేనింకా మంచం దగ్గరికి వెళ్లలేదు. ఇక్కడే నిలబడి చూస్తున్నాను. గాజుల పైన, అద్దం లోపలి వైపు ఆవిరి పడుతోంది... ఇప్పుడే ఎవరి వెచ్చటి చేతినుంచో తీసినట్టు.