తాత దిబ్బ మీద పాలగిన్నె

తుర్కానా సరస్సుకి ఎగువన ఉన్న ఎండు వాగులో పొద్దుగూకాక ఎవరూ నోరు విప్పరు. విప్పితే... అక్కడి రాళ్లదిబ్బ బదులు పలుకుతుంది!

కిందటి వానలప్పుడు ఆ దిబ్బే లేదు. పాతకాలపు ఎముకలు వెతికేవాళ్లు వచ్చి డేరాలు వేశాక లేచింది. ఏ పెద్దాయన సమాధో ఏమో అని, ఆ దారిన పోయేవాళ్లం తలా ఓ రాయి వేసి, చిటికెడు పొగాకు పెట్టి, కొయ్యగిన్నెలో గుక్కెడు పాలు పోసేవాళ్లం. తెల్లారేసరికి పాలూ పొగాకూ మాయం.

అలాంటప్పుడు మా మరిది ఎరెగయ్ మేక తప్పిపోయింది. ఈ కరువులో ఆ ఇంట్లో పాలిచ్చేది అదొక్కటే. పసిపిల్ల ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది. తన నీడకి తనే జడిసే మనిషి, పాపం, వెన్నెల్లో ఒక్కడే దిబ్బ దగ్గరికి పోయాడు. పిల్ల కోసం దాచిన ఆఖరి గుక్క కూడా గిన్నెలో పోసేశాడు.

"తాతా... నా మేక..."

గాలి ఆగింది. దిబ్బ వెనకాల ఎవరో దగ్గారు.

"తుమ్మచెట్టు కింద... పోరా..."

పోయాడు. మేక ఉంది! ఇల్లు చేరేదాకా వెనక్కి చూస్తే ఒట్టు.

అందరూ దణ్ణాలు పెట్టారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. చచ్చినవాడికి దగ్గెందుకొస్తుందయ్యా?

మర్నాడు మసక వేళ మరిదిని లాక్కుపోయాను. గిన్నె నిండా పాలు పోసి, పొగాకు పెట్టి, దిబ్బ చాటున నక్కాం. కాసేపటికి — ఓ చెయ్యి మెల్లగా పాక్కుంటూ వచ్చింది... పొగాకు మీద పడింది. గబుక్కున పట్టుకున్నా!

డేరాల కావలివాడు లొపెయోక్! బుగ్గలో అప్పటికే ఓ ముద్ద.

"దొంగ సచ్చినోడా! సమాధి సొమ్ము తింటావా?"

"సమాధెక్కడిదక్కా! ఎముకని మేకలు తొక్కకుండా గుర్తుకి నాలుగు రాళ్లు పేర్చాం. దాన్ని కొండ చేసింది మీరే. పొగాకు పెడుతుంటే వద్దంటానా?"

"మరి... నా మేక సంగతి?" అన్నాడు మరిది పీలగా.

"నిన్న సాయంత్రం అటు పోతుంటే కనబడింది. ఏడుస్తున్నావని చెప్పాను."

"కింద ఉన్న ఎముక ఎవరిదిరా?" అన్నాను.

"దవడ. మనుషులందరికీ తాత లాంటోడిదంట."

"అయితే తాతేగా!" అని నవ్వాను. వాడూ నవ్వాడు. అంతలో పిల్ల ఏడుపు గుర్తొచ్చింది. "పొగాకంటే సరే. పసిదాని నోటికాడి పాలు తాగావే, సిగ్గులేదూ?"

వాడి నవ్వు ఆగిపోయింది.

"పాలా? నేను ముట్టలేదక్కా. పొద్దున్నే గిన్నె బోర్లించి ఉంటుంది... మీరే కడిగి పెట్టి పోతున్నారనుకున్నా."

ముగ్గురం గిన్నె వంక చూశాం. నేనిందాక నిండా పాలు పోసిన గిన్నె... బోర్లించి ఉంది. చుట్టూ మట్టి పొడిగా ఉంది, చుక్క పాలైనా ఒలకలేదు.

ముందు పరిగెత్తింది కావలివాడే.