అందే ఎత్తున గడియ

పొద్దున్నే వడ్రంగి కొత్త తలుపుకు గడియలు బిగిస్తున్నాడు. పైన ఒకటి, మోకాలికి కాస్త పైగా ఇంకొకటి. పిల్లల గది తలుపు ఎవరికి చేసినా లోపలివైపు ఆ కింది గడియ పెట్టి తీరాలి. అది అక్క పెట్టిన షరతు. "ఇంట్లో మరుగుజ్జులున్నారా మేస్త్రీ?" అని జనం నవ్వినా మానలేదు. ఎందుకని అక్కను ఎన్నడూ అడగనూ లేదు.

కూతురు అట్టలు చంకన పెట్టుకుని షెడ్డులోకి వచ్చింది.

"నాన్నా, వీటికి కర్రలు కావాలి. ఊరేగింపు బయల్దేరుతోంది."

పిల్లలు ఎప్పుడు నోరు విప్పినా చట్టం వినాలి, అని ఉంది అట్ట మీద.

"కర్రలూ లేవు, గిర్రలూ లేవు. నడిబజార్లో ఆ మాటలు అరిస్తే ఇంటి పరువేం కాను?"

"పరువు పోవాల్సింది చేసినవాడికి. పిల్లకు నోరు పెగిలేసరికే ఏళ్లు గడిచిపోతాయి. అప్పుడు కేసుకు గడువు దాటిందంటున్నారు. ఆ గడువు ఎత్తేయమంటున్నాం, అంతే."

"నిజంగా జరిగుంటే అప్పుడే చెప్పేది కదా!"

టీ తెచ్చిన అక్క గ్లాసును బల్ల మీద ఠపీమని పెట్టింది.

"ఎవరికి చెప్పేదిరా?"

"నీకు తెలీదు, ఊరుకో అక్కా."

"ఊరుకున్నాగా. జుట్టు నెరిసేదాకా ఊరుకున్నా."

ఆమె గోడకేసి చూసింది. అక్కడున్నది అతనికి పని నేర్పిన పెద్దాయన ఫొటో. అక్కాతమ్ముళ్ల చిన్నప్పుడు వాళ్లింట్లోనే తిని, వాళ్లింట్లోనే పడుకున్న మనిషి. రోజూ ఆ ఫొటో తుడిచాకే అతను ఉలి పట్టేది.

"ఆ రోజు గడియ నాకందలేదురా" అంది అక్క.

అతని చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. పాత ఇంటి తలుపు కళ్లముందుకొచ్చింది. ఆ తలుపు చేసింది పెద్దాయనే. గడియ అంత ఎత్తున బిగించిందీ ఆయనే.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"ఆయన వేలు పట్టుకుని తిరిగేవాడివి. ఇప్పటికీ ఆయన పేరు చెప్పుకునే బతుకుతున్నావు. ఏ నోటితో చెప్పను?"

కూతురు తల దించుకుంది. దానికి ముందే తెలుసని అతనికి అర్థమైంది. ఇంట్లో తెలియనిది తనొక్కడికే.

లేచి ఫొటో తీసి, రంపంపొట్టు కుప్పలో బోర్లా పడేశాడు. సన్నని కర్రలు ఏరి చిత్రిక పట్టాడు. చేతుల్లో పేళ్లు గుచ్చుకోకుండా గరుకు కాగితంతో ఒక్కోటీ రుద్దాడు.

"నాకూ ఒకటి చెయ్. పొడుగ్గా" అంది అక్క.

అతను తల ఊపాడు. తలెత్తలేదు.

"పొట్టు పడిందా కంట్లో?"

"లేదక్కా" అన్నాడు.