తడి తగలకూడదు

అది 2016, వానాకాలం. పది రోజులుగా ముసురు విడవలేదు. ఇంటి ముందుగదిలోనే దుకాణం పెట్టుకుని గడియారాలు రిపేరు చేసే పెద్దాయన పని బల్ల పక్కన, కిటికీ గట్టు మీద ముప్పై చిన్న కుండీలుండేవి. అన్నీ సక్యులెంట్లే, నీళ్లు దాచుకునే బొద్దు ఆకుల మొక్కలు. వాటిలో ఒకటి ఆయన సొంతంగా పుట్టించిన సంకర మొక్క. ఒక జాతి పుప్పొడిని సన్న కుంచెతో ఇంకో జాతి పువ్వుకి అద్ది, ఐదేళ్లు కాచుకుంటే మొలిచింది ఆ ఒక్కటే. బూడిద రంగు మీద లేత గులాబి ఛాయ. అలాంటిది ఇంకెవరి దగ్గరా లేదు.

ఆ ముసురుకి అది కుళ్లింది.

వాసన ముందు అక్కకి తెలిసింది. ఆ ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే.

"ఒరేయ్, ఎక్కడో ఎలక చచ్చింది."

"ఎలకా లేదు పాడూ లేదు. మొక్కకి కాస్త నలతగా ఉంది."

"నలతకే ఇంత కంపా? తీసి పారెయ్."

"ముందు నన్ను పారెయ్యి."

"నిన్ను మొయ్యలేక ఊరుకున్నా."

కుళ్లు పట్టిన కాండాన్ని, మచ్చ కనబడకుండా పోయేదాకా కోసుకుంటూ పోవాలి. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని బ్లేడుతో బిళ్లలు బిళ్లలుగా కోశాడు. చీములాంటి జిగురు కారింది. లోపల ఎక్కడా ఆకుపచ్చ లేదు. పచ్చిమాంసం రంగు, అందులో సన్నటి దారాలు. చివరి కోతకి బ్లేడు జారి కుడి బొటనవేలు తెగింది. జిగురు గాయంలోకి దిగింది.

మిగిలింది ఒక్క ఆకు. దాన్ని పొడి ఇసుక మీద పడుకోబెట్టాడు. తెగిన చోటు ఆరి పొర కడితే, ఆ పక్కనే పిల్ల మొక్క పుడుతుంది.

"చెయ్యి కడుక్కోరా," అంది అక్క.

"కోతకి తడి తగిలితే కుళ్లుతుంది. ఆరనివ్వాలి."

"నువ్వేమన్నా మొక్కవా?"

తొమ్మిది రోజులు ఆయన వేలికి నీళ్లు తగలనివ్వలేదు. మొక్కల కోతలకి అద్దే దాల్చినచెక్క పొడే దానికీ అద్ది, కిటికీ వెలుతురులో పెట్టుకుని కూర్చున్నాడు. పొర కట్టింది. నొప్పి లేదు. "చూశావా?" అని అక్కకి చూపించేవాడు. వేలు బొద్దుగా, నున్నగా ఊరింది. గోరు చుట్టూ తెల్లటి దూదిలా ఏదో పేరుకునేది. తుడిస్తే మర్నాటికి మళ్లీ. ఆ వాసన అన్నంలోకీ వస్తోందని అక్క వాకిట్లో కూర్చుని తినేది.

పదో రోజు మధ్యాహ్నం, వాన చప్పుడులో ఆయన ఒక చేతి గడియారం విప్పాడు. పట్టకారు పట్టబోతే బొటనవేలు వంగలేదు. ఎడమ చేత్తో నొక్కి వంచాడు.

పొర చిట్లింది. గడియారం పళ్లచక్రాల మీద గులాబి రసం బొట్లు బొట్లుగా పడింది. పుండులో తెల్లగా ఒక కొస... పట్టకారుతో పట్టి లాగాడు. వచ్చింది. ఇంకా వచ్చింది... జానెడు. మోచేతి లోపల ఏదో కదిలింది. లాగడం ఆపాడు.

అది ఆగలేదు. మెల్లగా, తనంతట తనే, లోపలికి పోయింది.

"అక్కా..."

అక్క వచ్చి చూసింది.

"నొప్పిగా ఉందా?" అంది గుసగుసగా.

"లేదు... దాహంగా ఉంది."

"ఉండు, నీళ్లిస్తా."

"నాకు కాదక్కా."

బల్ల చివర నీళ్ల గ్లాసు ఉంది. చెయ్యి కదలకుండా పడి ఉంది. వేలు ఒక్కటే అటు తిరుగుతోంది...

ఆ సాయంత్రం ఆసుపత్రిలో బొటనవేలిని మొదలంటా తీసేశారు. సీసాలో పెట్టి పరీక్షకు పంపారు. అక్క కుండీలన్నిటినీ, ఇసుక పళ్లెంతో సహా, కిరసనాయిలు పోసి కాల్చింది. ఆయన అడ్డు చెప్పలేదు. పట్టకారు పట్టలేని చేత్తో గడియారాల పని సాగక, ఆ నెలాఖరుకి దుకాణం మూసేశాడు.

దుకాణం మూసిన వారం తిరక్కుండా పరీక్ష కాగితం వచ్చింది. అక్క చదివి వినిపించింది.

"మీరు పంపిన బొటనవేళ్లు రెండూ అందాయి. చిన్నదానికి గోరు ఇంకా మెత్తగా ఉంది."

ఆయనకి తీసింది ఒక్కటే.