మూడు నిమిషాల మౌనం

తుఫాను వస్తుందని కబురు తెలియగానే ఊళ్ళో వాళ్ళంతా కొవ్వొత్తులూ అగ్గిపెట్టెలూ కొనుక్కుంటే, వాచీల మాస్టారు మాత్రం రెండు కారు బ్యాటరీలు మోయించుకుని మేడ ఎక్కేవాడు. కింద వాచీలు బాగుచేసే కొట్టు, పైన కాపురం. ఆ కాపురంలోనే ఒక మూల గది అతని వైర్‌లెస్ సెట్టుకి. "నన్ను కట్టుకోకముందే ఆ డబ్బాని కట్టుకున్నాడు, సవతి పోరు తప్పుతుందా" అని భార్య వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అంటూనే బ్యాటరీల కింద పాత చీర మడతపెట్టి వేసేది కూడా ఆవిడే.

లైసెన్సు తీసుకుని సరదాగా హామ్ రేడియో నడిపేవాళ్ళు ఊళ్ళో అరడజను మంది ఉన్నారు. కరెంటు పోయి, ఫోన్లు మూగబోయిన రోజున ఊరికి నోరూ చెవీ వాళ్ళే. అందరూ ఒకేసారి మాట్లాడి గోల చెయ్యకుండా ఒకరు పెత్తనం చెయ్యాలి, ఆ ఒకర్ని కంట్రోల్ అనేవాళ్ళు. సెకన్లతో సహా టైం తెలిసిన మనిషి గదా అని ఆ పని మాస్టారికి అప్పజెప్పారు.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. గంట కొట్టి, కంట్రోల్ చెప్పగానే మూడు నిమిషాలపాటు ఎవరూ మైకు నొక్కకూడదు. ఎక్కడో బ్యాటరీ అయిపోవస్తున్న సెట్టులోంచి ఎవరో నీరసంగా పిలుస్తుండవచ్చు. పెద్ద గొంతుల కింద ఆ గొంతు నలిగిపోకూడదు. అందుకని అందరూ నోరు కట్టేసుకుని చెవులు రిక్కించి కూర్చోవాలి. దానికి వాళ్ళు మౌనం అని పేరు పెట్టుకున్నారు.

ఆ మౌనాన్ని కిందటేడు తప్పింది మాస్టారే. ఆ సంగతి అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

కిందటేడు తుఫానులో, మధ్యాహ్నం మూడు కావస్తుండగా, భార్య తమ్ముడు బేకరీ నుంచి మాట్లాడుతున్నాడు. ఆ బావమరిదిని ఏడిపించకపోతే మాస్టారికి పొద్దు గడవదు. "మీ బ్రెడ్డు ఇసుక బస్తాల బదులు గట్టుకి వేస్తున్నారట కదా, వరద కూడా కొరకలేకపోయిందట" అని మొదలుపెట్టాడు. అంతలో కింద కొట్టులో గడియారాలన్నీ మూడు కొట్టాయి. ఈ ఒక్క ముక్కా చెప్పేసి ఆపుదాం అనుకున్నాడు. ముక్క మీద ముక్క పెరిగింది. బావమరిది పగలబడి నవ్వుతున్నాడు. ఆ నవ్వు మధ్య సందుల్లో, మేడ మీది ఏరియల్‌కి తప్ప అందనంత సన్నటి గొంతు ఒకటి వినిపించింది. "కంట్రోల్... తలుపు..."

అది పంపుల తాత గొంతు. పల్లపు వీధుల్లో నీళ్ళని ఏట్లోకి తోసే పంప్ హౌస్‌లో ఒంటరిగా డ్యూటీ చేసేవాడు తాత. ఆయన వాచీ ఎప్పుడూ ఆగిపోయి ఉండేది, ఎన్నిసార్లు అడిగినా బాగుచెయ్యమని ఇచ్చేవాడు కాదు. దాని బదులు గంటకోసారి సెట్టులో పిలిచి, "మాస్టారూ, టైమెంతయింది?" అని అడిగేవాడు. మళ్ళీ టైం అడగడానికే పిలిచాడులే అనుకున్నాడు మాస్టారు. తలుపు అన్న మాట స్పష్టంగా విన్నాడు. విని కూడా నవ్వు ఆపలేదు.

నాలుగు నిమిషాల తర్వాత పిలిస్తే పంప్ హౌస్ పలకలేదు. అప్పటికి భయం పట్టుకుంది. భయంలోనే, ఎవరు ఎప్పుడు పిలిచారో రాసుకునే లాగ్ పుస్తకంలో రాశాడు: 'మూడు గంటల మౌనం పాటించాం. ఎవరూ పిలవలేదు.'

మర్నాడు నీళ్ళు తీశాక పంప్ హౌస్‌లో తాతని చూశారు. గేటు మూసి, ఊళ్ళోకి ఏరు రాకుండా ఆపి, చివరిదాకా డ్యూటీలోనే ఉండి ప్రాణం ఇచ్చాడని అందరూ చేతులెత్తి మొక్కారు. పారిపోవచ్చు, పారిపోలేదు. పిలవవచ్చు, పిలవలేదు. మాస్టారు రాసిన ఆ ఒక్క వాక్యమే దానికి సాక్ష్యం. ఊరివాళ్ళు మీటింగు పెట్టి, ఒక్క పిలుపు కూడా జారవిడవని కంట్రోల్ అని మాస్టారికి మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. అద్దం కట్టించి గదిలో తగిలించింది భార్య. ఆ గోడ వైపు చూడకుండా కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు అతను. అన్నం సయించేది కాదు. పడుకుంటే ఆ నవ్వే చెవుల్లో.

ఏడాది తిరిగేసరికి మళ్ళీ తుఫాను. ఈసారి పంప్ హౌస్‌లో ఉన్నది తాత మనవరాలు. తాత పోయాక ఆ ఉద్యోగం ఆమెకే ఇచ్చారు. సెట్టు వాడటం నేర్పడం, లైసెన్సు పరీక్షకి చదివించడం అన్నీ మాస్టారే దగ్గరుండి చూశాడు. అంతలా ఎందుకు మీదేసుకుంటున్నాడో భార్యకి అర్థమయ్యేది కాదు.

మధ్యాహ్నం రెండింటికే గదిలో దీపం పెట్టాల్సి వచ్చింది. కిటికీ అవతల ఆకాశం మసిబట్టలా వేలాడుతోంది. రేకుల మీద వాన ఆగకుండా కొడుతోంది. గోడల్లోంచి తడి సున్నం వాసన. సెట్టులో గరగర, దాని మీద అప్పుడప్పుడూ ఒక గొంతు. ఆసుపత్రి నుంచి నర్సమ్మ, జనరేటరు ఆడుతోందని చెప్పింది. బేకరీ నుంచి బావమరిది, వ్యాను సిద్ధంగా ఉందన్నాడు. మాస్టారు రాసుకుంటూ పంప్ హౌస్‌ని పిలిచాడు.

"గేటు మూసేశాను మాస్టారూ. నీళ్ళు రెండో మెట్టు దాకా వచ్చాయి," అంది పిల్ల.

"పని అయిపోయిందిగా. ఇంక వచ్చెయ్యమ్మా. వ్యాను పంపిస్తాను."

"గేటు కనిపెట్టుకుని ఉండాలి కదండీ."

"ఆ గది తలుపు పాతది. నానిందంటే రాదు. నా మాట విను."

ఆమె మెల్లగా అంది, "తాత పిలిచాడా మాస్టారూ? పిలవలేదు కదా. నేనూ పిలవను."

మాస్టారు అప్పుడే చెప్పాలి. మైకు చేతిలోనే ఉంది. బొటనవేలు మీట మీదే ఉంది. అయిదుగురూ వింటున్నారు. గోడ మీద అద్దంలో దీపం వెలుగు కదులుతోంది. ఇంకాస్త చూద్దాం, నీళ్ళు తగ్గుతాయేమో అనుకున్నాడు. "జాగ్రత్త తల్లీ" అని మీట వదిలేశాడు. తనని తాను అంతగా అసహ్యించుకున్నది ఈ ఏడాదిలో అదే మొదలు కాదు.

రెండున్నరకి పిలిచాడు, పంప్ హౌస్ పలకలేదు. రెండు నలభైకి పిలిచాడు. రెండు యాభైకి. హోరు తప్ప ఏమీ లేదు. వింటూ కూడా పంతానికి పలకడం లేదనుకున్నాడు. తాత మనవరాలు కదా.

కింద గడియారాలు మూడు కొట్టడం మొదలుపెట్టాయి.

"అన్ని స్టేషన్లకీ, కంట్రోల్. మూడు గంటల మౌనం," అన్నాడు. అతని గొంతు అతనికే కొత్తగా ఉంది.

హోరు ఒక్కటే మిగిలింది. సెట్టు ముఖం మీద ఒక చిన్న ముల్లు ఉంటుంది. గొంతు దూరం నుంచి వస్తే కొంచెం వణుకుతుంది, దగ్గర్నుంచి వస్తే పైకి లేస్తుంది. రెండు వీధుల అవతలున్న బేకరీకి కూడా ముప్పావు దాకానే లేస్తుంది. ఇప్పుడు ముల్లు అడుగున పడుకుని ఉంది. మాస్టారు దాన్నే చూస్తున్నాడు.

ఒక నిమిషం గడిచింది.

గదిలో డీజిల్ వాసన వేసింది. బురద వాసన. పంప్ హౌస్ వాసన...

ముల్లు వణికింది.

"మాస్టారూ..."

అది పంపుల తాత గొంతు.

"మాస్టారూ... టైమెంతయింది?"

గుమ్మంలో లాంతరు పట్టుకుని నిలబడ్డ భార్య గుసగుసగా అడిగింది, "ఏమైందండీ? అలా అయిపోయారేం?"

"విన్నావా?"

"ఏం వినాలి? హోరేగా."

ముల్లు మళ్ళీ వణికింది. ఈసారి గొంతు వెనక నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు. ఎవరో తలుపుని భుజంతో గుద్దుతున్నారు. గుద్దీ గుద్దీ అలిసిపోతున్నారు.

"తలుపు రావట్లేదు... టైమెంతయింది మాస్టారూ... నీళ్ళు ఛాతీ దాకా..."

ఆ గొంతు కింద ఇంకో చప్పుడు ఉంది. అది నవ్వు. మాస్టారు దాన్ని గుర్తుపట్టాడు. అతని నవ్వే.

కట్టుబాటు ప్రకారం ఇంకా నిమిషంన్నర ఉంది. కిందటేడు తప్పిన మౌనం ఈసారి తప్పకూడదని ప్రమాణం చేసుకున్న మనిషి. నిమిషంన్నర అంటే నీళ్ళకి ఎన్ని మెట్లు? మీట నొక్కాడు.

"పంప్ హౌస్, పంప్ హౌస్. నేను మాస్టార్ని. విను తల్లీ. మీ తాత పిలిచాడు. కిందటేడు ఇదే టైముకి పిలిచాడు. తలుపు అన్నాడు. నేను విన్నాను. విని... నవ్వుతూ కూర్చున్నాను. పుస్తకంలో అబద్ధం రాశాను. ఆయన కావాలని ఉండిపోలేదమ్మా. బయటికి రావాలని కొట్టుకున్నాడు. నువ్వు ఉండకు. నీకు దణ్ణం పెడతాను, బయటికి రా."

మీట వదిలాడు. లాంతరు పట్టుకున్న భార్య చెయ్యి అలాగే ఆగిపోయింది.

తర్వాత ముల్లు కాస్త వణికింది. సన్నగా, ఎక్కడో అడుగునుంచి, ఆడగొంతో మగగొంతో తెలియనంతగా...

"విన్నాను. వస్తున్నా."

మాస్టారు బల్ల మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వస్తోంది. పిల్ల వస్తోంది. అంతకంటే ఏం కావాలి?

"బావా," అంది సెట్టు. బావమరిది గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. "వ్యాను తీస్తున్నా. ఇంకేం మాట్లాడకు."

నాలుగు కావస్తుండగా మెట్ల మీద అడుగులు. బావమరిది గుమ్మం దగ్గరే ఆగిపోయాడు, ఆ పిల్లని లోపలికి పంపించి మాస్టారి ముఖం వైపు చూడకుండా అన్నాడు, "గట్టు మీద కూర్చుని ఉంది. ఏమీ చెప్పలేదు నేను. చెప్పాల్సింది నువ్వు." దిగి వెళ్ళిపోయాడు.

పిల్ల నిలువెల్లా తడిసి, ఒక్క చెప్పుతో ఉంది. మాస్టారి భార్య తువ్వాలు కప్పి, గోడ వారగా ఉన్న బల్ల మీద కూర్చోబెట్టింది. ఆవిడ కళ్ళు భర్త వైపు తిరగలేదు.

"వచ్చావు. నా మాట విని వచ్చావు," అన్నాడు మాస్టారు.

"ఏ మాట మాస్టారూ?" పిల్ల పళ్ళు టకటకలాడుతున్నాయి. "రెండుంబావుకే సెట్టు నీళ్ళలో పడిపోయింది. తీసి చూస్తే చచ్చిపోయింది. అప్పుడు భయమేసింది. పెద్ద పంతం పట్టాను గానీ, పిలుద్దామంటే సెట్టు లేదు. తలుపు లాగితే రాలేదు. ఎంతసేపు గుద్దానో."

"మరి..."

"మూడు దాటాక తలుపు దానంతటదే వచ్చింది. బయటినుంచి ఎవరో తోసినట్టు. చూస్తే ఎవరూ లేరు."

"నువ్వు వస్తున్నా అన్నావు కదమ్మా. సెట్టులో. విన్నాను అన్నావు."

ఆమె అతన్ని వింతగా చూసింది. "సెట్టు చచ్చిపోయింది కదా మాస్టారూ. ఏం విన్నాను నేను? మీరేం చెప్పారు?"

చెప్పాలి. ఇందాక గోడలకీ గాలికీ చెప్పడం వేరు. ఇప్పుడు ఈ తడి ముఖానికి చెప్పాలి. రేపు చెబుదామా అని మనసు మళ్ళీ ఒక సందు వెతుక్కుంది. ఇప్పుడే ప్రాణాలతో వచ్చిన పిల్ల... కాస్త తేరుకున్నాక...

కింద గడియారాలు నాలుగు కొట్టాయి. అలవాటుగా చెయ్యి మైకు మీదికి పోయింది. "అన్ని స్టేషన్లకీ... మౌనం."

హోరు.

తర్వాత హోరు కూడా ఆగిపోయింది. వాన పడుతూనే ఉంది, సెట్టులో మాత్రం చిన్న చప్పుడు కూడా లేదు. మాస్టారు తల వంచి చూశాడు. ముల్లు లేస్తోంది. వణకడం లేదు, నెమ్మదిగా లేస్తోంది. పావు... సగం... ముప్పావు దాటింది. చివరికంటా వెళ్ళి, అక్కడి ఇనప చీలకి ఆనుకుని నిలబడింది. అతను ఆ సెట్టు కొన్నప్పటినుంచీ ముల్లు అంతదాకా వెళ్ళడం ఒక్కసారి కూడా చూడలేదు.

"చెప్పు మాస్టారూ," అంది తాత గొంతు. దూరం లేదు, గరగర లేదు. "పిల్లకి చెప్పు. నేనూ వింటా."

మాస్టారు చెప్పాడు. బ్రెడ్డు జోకు దగ్గర్నుంచి, పుస్తకంలో రాసిన వాక్యం దాకా, ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. తలుపు అన్న మాట విన్నానని రెండుసార్లు చెప్పాడు. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. ముగించి, ఆ పిల్ల తిడుతుందని, కొడుతుందని, కనీసం ఏడుస్తుందని ఎదురుచూశాడు.

ఆమె అతని వైపు చూడనైనా లేదు. అతని భుజం మీదుగా ఖాళీ గుమ్మం వైపు కాసేపు చూసింది. తర్వాత తువ్వాలు దగ్గరికి లాక్కుని, బల్ల మీద కొంచెం పక్కకి జరిగి, ఇంకొకరు కూర్చునేంత చోటిచ్చింది.