తోడేలు బండకాడ హనుమక్క

చాకవేలుకు పడమర, గుట్ట దిగేచోట తోడేలు బండ అని ఒకటుండాది. పొద్దు గూకినంక ఆ దావన ఎవురూ పోరు. గొర్రెలోళ్లు కూడా చుట్టు తిరిగి పోతారు. ఆ బండ కింద ఒంటి కొట్టం… అందులో ఒకప్పుడు హనుమక్క ఉండేది. మంత్రగత్తె అనేవాళ్లు ఆమెను. కట్టుకున్న మొగుణ్ణే తోడేలును చేసి పెట్టుకుందని చెప్పుకునేవాళ్లు.

నాకీ సంగతి చెప్పింది మునికృష్ణప్ప మామ. హనుమక్కకు సొంత మరిది. చెప్తా చెప్తా మధ్యలో ఆగిపోయేవాడు. బీడీ ముట్టించుకొని మళ్లీ ఎత్తుకునేవాడు.

హనుమక్కది పసరు మందులిచ్చే ఇల్లు. వాళ్ల పిల్ల మాకొద్దని మామ ఇంట్లో అందరూ అడ్డం పడినారు. అన్న వెంకటేశప్ప వినలా. "మీ ఇల్లు మీరే ఉంచుకోండి" అని ఆమె చెయ్యి పట్టుకొని పోయి, బండ కింద కొట్టమేసుకొని, గొర్రెలు కాసుకుంటా బతికినాడు.

డెబ్బై నాలుగో యేడు. వానలు. ఒక రేయి తోడేలు గొర్రెపిల్లను ఎత్తుకొని పోతే, వెంకటేశప్ప కంబళి కప్పుకొని దాని వెనకే పోయినాడు… మళ్లీ రాలా. పొద్దున ఊరంతా వెతికినారు. బండ మీద తలగుడ్డ దొరికింది. పక్కన బురదలో తోడేలు అడుగులు. మనిషి లేడు.

రెండేండ్లకు హనుమక్క వాకిట్లో ఒక తోడేలు కనబడింది. పరుగెత్తలా, గుర్రుమనలా. ఆమె చేతిలోని సంగటి ముద్ద తిని, ఆమె కాళ్లకాడ పడుకుంది. చూసినోడు ఊళ్లోకొచ్చి జ్వరంతో పడినాడు.

ఇంకేముంది? పసరు తాపి మార్చేసిందన్నారు. హనుమక్క అవునన్లా… కాదన్లా. నొసట బొట్టు, చేతుల నిండా గాజులు. అట్లే తిరిగింది.

ఆ యేడు దొడ్లలో గొర్రెలు వరసగా పోయినాయి. ఊరి పెద్దలు మామను పిలిపించినారు. "చంపాల్సిందే. కానీ మనిషిని చంపిన పాపం మాకొద్దప్పా. తోడబుట్టినోడివి, నువ్వే తీర్చు" అని నాటు తుపాకి చేతిలో పెట్టినారు.

మామ చీకటి పడినంక ఒక్కడే పోయి రాళ్ల చాటున కూర్చున్నాడు. వెన్నెల. గాలి లేదు. చానాసేపటికి తలుపు కిర్రుమనింది… హనుమక్క గిన్నెతో వచ్చి గడప మీద కూర్చుంది. గుట్ట మీద నుంచి నల్లగా ఒకటి దిగింది. వచ్చి ఆమె ఒళ్లో తల పెట్టింది.

మామ తుపాకి ఎత్తినాడు. గురి పెట్టి ఆగినాడు. అది అన్న అయితే—

"తిను నాయనా…" అంటాంది హనుమక్క మెల్లగా. "పొద్దున్నుంచీ యాడ తిరిగినావు?"

మొగుణ్ణి ఎవురైనా నాయనా అంటారా? మామకు అనుమానమొచ్చింది. లేచి ముందుకొచ్చినాడు. హనుమక్క తుపాకిని చూసింది. తోడేలు మీదికి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"దీన్ని కాల్చొద్దు అబ్బీ."

"వదినా… ఇది మా అన్నేనా? నిజం చెప్పు."

ఆమె తోడేలు మెడ నిమిరింది.

"మీ అన్న లేడబ్బీ."

మామ తుపాకి దించినాడు.

"ఆ రేయే పోయినాడు. తెల్లారకముందే నేను చూసినా. కాలు జారి బండ సందులో పడుండాడు. కంబళి గుండెలకు అదుముకోనుండాడు. విప్పితే లోపల తోడేలు పిల్ల… కండ్లు కూడా తెరవలేదు. చంపను పోయినోడు, అది తడవకుండా పట్టుకొని చచ్చిపోయినాడు. అక్కడే ఎవురికీ కనబడకుండా మీద రాళ్లు పేర్చినా. పిల్లను ఇంట్లో దాచి సాకినా."

"మాకెందుకు చెప్పలా?"

"చెప్తే ఏం చేస్తారు? గాజులు పగలగొడతారు, బొట్టు తుడుస్తారు. తోడేలైనాడని ఊరే అనింది కదా… తోడేలైనా బతికుండాడనే కదబ్బీ. నేనింకా ఆయన పెండ్లాన్నే కదా. దానికి మంత్రగత్తె అంటే అననీ."

మామ తుపాకి కింద పెట్టి, అన్న కోసం గడప మీద తల ఆనించి ఏడ్చినాడు. వెంకటేశప్ప చచ్చిపోయి రెండేండ్లయితే, ఆ ఇంట్లో ఆయన కోసం ఏడ్చిన మొదటి ఏడుపు అది.

దూరంగా ఊరి దిక్కు దివిటీలు కదిలినాయి. తుపాకి చప్పుడు కోసం కాచుకోనుండారు. చప్పుడు కాకపోతే వాళ్లే వస్తారు. మామ కండ్లు తుడుచుకొని, ఆకాశానికి ఎత్తి కాల్చినాడు. తోడేలు ఎగిరి గుట్టెక్కి మాయమైపోయింది.

ఊరోళ్లకు ఎదురుపోయి చెప్పినాడు. "అయిపోయింది. లోయలో పడింది. ఇంక రాదు."

చెప్పినంక గానీ ఆయనకు తట్టలా… తాను అనింది ఏం మాటో.

తెల్లారేసరికి ఊరి ఆడోళ్లు కొట్టం ముందర నిలబడినారు. వాళ్లల్లో పెద్దామె తిమ్మక్క ముందుంది, చేతిలో గుండ్రాయి. "రామ్మా హనుమక్కా… నీ మొగుడు రాత్రి పోయినాడంట."

తోడేలు చావలేదని మామ ఒక్క మాటంటే గాజులు ఉంటాయి. ఆ మాటంటే మొగోళ్లు దాన్ని చంపను గుట్టెక్కుతారు. మామ నోరు తెరిచినాడు. హనుమక్క ఆయన దిక్కు చూసి, వద్దని తల ఊపింది. వచ్చి వాకిట్లో కూర్చొని రెండు చేతులూ చాపింది.

"పగలగొట్టండమ్మా."

గాజులన్నీ పోయినాయి. బొట్టు తుడిచినారు. అప్పుడు లేచింది ఆమె గొంతు… రెండేండ్లు లోపలే మింగుకున్న ఏడుపు. బండకు తగిలి మోగుతాంటే, అది మనిషి ఏడుపు లాగే లేదని చెప్పేవాడు మామ.

ఆ ఏడుపుకు… గుట్ట మీద నుంచి ఊళ వినబడింది.

ఒకటే గొంతు. పొడుగ్గా. పట్టపగలు.

"చచ్చినోడు అరస్తాండాడే!" అని తిమ్మక్క రాయి పారేసి పరుగెత్తింది. ఆమె వెనక అందరూ. ఆ పొద్దునుంచే ఆ బండకాడ దెయ్యముందని పేరు.

మామ ఒక్కడే పోలా. నేల మీద పడి ఏడుస్తాన్న హనుమక్క, గుట్ట దిక్కు చెయ్యి విసురుతా ఏందో గొణుగుతాంది. మంత్రమేమో అని ఆయనా ఒక గడియ భయపడినాడంట. దగ్గరికి పోయి వంగి విన్నాడు.

"పో నాయనా… పలకొద్దు… ఇంకా దూరం పో…"